మీటరు అవతలి పని

ఈ సంగతి నేను రాయడం ఇది మొదటిసారి కాదు. మన రిటైర్డ్ ఉద్యోగుల పత్రికకు ఇదివరకే పంపాను. స్థలం లేదన్నారు. అదే సంచికలో ఒకాయన తన మోకాళ్ళ నొప్పి గురించి రెండు పేజీలు రాసుకున్నాడు, దానికి మాత్రం స్థలం దొరికింది. పెద్దాఫీసుకు అర్జీ పెట్టాను. చేరిందని కూడా ఎవరూ చెప్పలేదు. ఒకసారి నేనే పోయి అడిగితే, నా మనవడి ఈడున్న గుమాస్తా కంప్యూటర్ మీంచి కళ్ళు తీయకుండా, "తాతా, పెన్షన్ టైముకు వస్తున్నది గదా, ఇంకేం పరేషాన్?" అన్నాడు. నేను పెన్షన్ గురించి అడగలేదు. నేను ఏం అడిగానో అతను వినలేదు.

నా ఇంట్లో ఒక ఇనుప పెట్టె ఉంది. చూడటానికి ఇటుక కంటే కొంచెం పెద్దది, ఎత్తితే మాత్రం భుజం గుంజుతుంది. అది నాది కాదు. దాని సొంతదారు నాకు చెప్పకుండా ఊరు విడిచి వెళ్ళిపోయాడు. ఆ మనిషి పెట్టె ఆయనకు చేరాలి. ఆయన దగ్గర నుంచి ఒక మాట నాకు చేరాలి. ఇంత చిన్న లెక్క తేలక ఇన్నేళ్ళుగా సతమతమవుతున్నాను. కొత్తగా కరెంటు డిపార్ట్‌మెంటులో చేరిన పిల్లలు, మీరైనా ఓపిగ్గా చదవండి. మధ్యలో పని గురించి నాలుగు ముక్కలు వస్తాయి, అవి మీకు పనికొస్తాయి.

అరవై తొమ్మిదిలో నేను చేవెళ్ల సెక్షన్‌లో వైర్‌మన్‌ని. కాపురం మొయినాబాద్‌లో, ఒక కిరాయి గదిలో. మా ఓవర్సీరు కోస్తా మనిషి. యాభైకి దగ్గర పడ్డవాడు, బక్కపలచన, ఎప్పుడూ జేబులో కటింగ్ ప్లేయర్. ఆయన మీద నాకున్న కోపానికి తెలంగాణ ఉద్యమంతో సంబంధం లేదు. అది అంతకు ముందుది.

చేవెళ్ల బజారులో ఒక రోజు నేను స్తంభం ఎక్కి, తెగిన తీగ కొసలు రెండూ కలిపి ముడి చుట్టి దిగాను. మన భాషలో జాయింటు. ఆయన కింద నిలబడి తలెత్తి చూశాడు. "మళ్ళీ ఎక్కు. విప్పి మళ్ళీ కట్టు" అన్నాడు. అంగడి రోజు. కూరగాయల వాళ్ళు, గాజుల వాళ్ళు, మా ఊరి నుంచి వచ్చిన మా మేనమామ, అందరూ చూస్తుండగా మళ్ళీ ఎక్కాను. ఏం తప్పో ఆయన చెప్పలేదు. రెండోసారి కట్టినది బాగుందనీ చెప్పలేదు. చూసి, తల దించుకుని, సైకిలెక్కి వెళ్ళిపోయాడు. ఆ రోజు నుంచి నేను కట్టిన ప్రతి ముడినీ ఆయన కళ్ళతో చూడటం మొదలుపెట్టాను. దానికి నేను ఆయనను క్షమించలేదు.

తరువాత ఉద్యమం వచ్చింది. మా ఉద్యోగాలు మాకు కావాలని అడిగాము. అది తప్పని అప్పుడూ అనుకోలేదు, ఇప్పుడూ అనుకోను. బస్సులు ఆగాయి, బడులు మూశారు, చివరికి మేమూ సమ్మెలోకి దిగాము. చేవెళ్లలో రోడ్డు పక్కన టెంటు వేసుకుని కూర్చున్నాము. మాకు పెద్ద, ఆలూరు నుంచి వచ్చే ముసలి లైన్‌మన్. అందరం పెద్దన్న అనేవాళ్ళం. మొదటి రోజే అందరి చేతా ఒట్టు పెట్టించాడు: "డిపార్ట్‌మెంటు తీగ ఎవ్వడు ముట్టొద్దు. ముట్టినోడు నా పాలిట లేనట్టే."

ఓవర్సీరు సమ్మెలో లేడు, ఉండే అవకాశమూ లేదు. భార్యా పిల్లల్ని ఊరికి పంపేసి, ఒక్కడే క్వార్టర్‌లో ఉంటూ సబ్‌స్టేషన్ చూసుకునేవాడు. ఆయన తలుపు మీద ఎవరో తారుతో 'వెళ్ళిపో' అని రాశారు. ఎవరు రాశారో నాకు తెలుసు, నేను మాత్రం కాదు. ఆయన దాన్ని తుడవలేదు. సాయంత్రం కాగానే ఆ తలుపు వెనక నుంచి పాటలు వినిపించేవి. ఓడలో పనిచేసే ఆయన తమ్ముడు అమెరికా నుంచి తెచ్చిచ్చిన రికార్డు ప్లేయరు అది. నూటపది ఓల్టుల సరుకు. మన ఇళ్ళలో వచ్చేది రెండువందల ముప్పై. అందుకని మధ్యలో ఒక ట్రాన్స్‌ఫార్మర్ పెట్టె ఉండేది. ఓల్టులు తగ్గించినా, అక్కడి కరెంటు కొట్టుకునే వేగం, అంటే ఫ్రీక్వెన్సీ, వేరు, ఇక్కడిది వేరు. పెట్టెతో అది మారదు. అందువల్ల ఆ ప్లేయరు మన దగ్గర నెమ్మదిగా తిరిగేది, పాటలన్నీ సాగదీసినట్టు వచ్చేవి. టెంటులో మావాళ్ళు నవ్వేవాళ్ళు. "సారు పాటలకు గూడ నిద్రొస్తున్నదిర" అని పెద్దన్న అనేవాడు. నేను కూడా నవ్వాను. ఆ పాటలు ఎవరి కోసం పెడుతున్నాడో అప్పుడు మాలో ఎవరమూ ఆలోచించలేదు.

ఇక ఆ రోజు.

వానాకాలం, ఆగని ముసురు. బస్సు లేదు కాబట్టి నేను టెంటుకు పోలేదు, ఇంట్లోనే ఉన్నాను. పొద్దున్నే తలుపు తట్టిన చప్పుడు. మొయినాబాద్‌లో చర్చి వాళ్ళు నడిపే చిన్న దవాఖాన నర్సు, సిస్టరమ్మ అంటాం, తడిసి ముద్దై నిలబడింది. చంకలో చీరలో చుట్టిన మూట.

"అన్నా, జర ఇది చూడు. దీనికి కరెంటు పెట్టియ్యి."

మూట విప్పితే మెత్తటి గుడ్డ పరుపు, దిండు గలీబు అంత ఉంది. లోపల వేడెక్కే తీగలు, ఒక చిన్న మీట, వైరు చివర చదునైన రెండు పిన్నులు. వెనకటి విదేశీ డాక్టరమ్మ నడుము నొప్పికి వాడుకునే హీటింగ్ ప్యాడ్ అట. స్వదేశం పోతూ ఈమెకు ఇచ్చిపోయింది. అప్పటినుంచి వాడకుండానే ఉంది.

"నీకు నడుము నొప్పా సిస్టరమ్మా?"

"నాకు కాదన్నా. మన పక్కూరు హిమాయత్‌నగర్ నుంచి ఎడ్లబండి మీద కడుపుతోనున్న ఒక బిడ్డను తెచ్చిండ్రు. పట్నం పోదామని బయలెల్లిండ్రట. రోడ్డు బందుంటే ఇటు మళ్ళిండ్రు. నెలలు నిండలే. పొద్దుగాల నా దగ్గరనే కాన్పయింది. ఆడపిల్ల. నా అరచేతిల పట్టేటంత ఉన్నది. ఒళ్ళు వెచ్చగుంటలేదు. సీసాలల్ల ఏడినీళ్ళు పోసి పక్కల పెడుతున్న, పెట్టిన కాసేపటికే సల్లారుతున్నయి. కట్టెలు తడిసినయి. కుంపటి పెడితే పొగ."

ఆమె ఏడవలేదు. ప్యాడ్ నా చేతిలో పెట్టింది. "ఎచ్చగుంటే బతుకుతది అన్నా. గంతే. ఇంకేం రోగం లేదు."

ప్యాడ్ తిప్పి చూశాను. నూటపది అని రాసి ఉంది. మన ప్లగ్గులో తిన్నగా పెడితే గుడ్డ అంటుకుంటుంది. ఆ పెట్టె లాంటిది ఈ చుట్టుపక్కల ఎవరి దగ్గర ఉందో నాకు తెలుసు. ఆయన గుమ్మం తొక్కకూడదని ఎప్పుడో అనుకున్నాను. నాకు ఇంకో దారి ఉందేమోనని ఆ చిన్న గదిలో నాలుగు మూలలూ చూశాను. లేదు. సైకిల్ తీశాను.

చేవెళ్లలో టెంటు ముందు దిగకుండానే పోయాను. వెనక నుంచి కేక వినపడింది, ఆగలేదు. తారు రాత ఉన్న తలుపు కొట్టాను. ఆయన సగం తెరిచి, నన్ను చూసి, తలుపు అలాగే పట్టుకున్నాడు.

"ఏంటోయ్, మిగతాది రాయడానికొచ్చావా?"

"రాసేటోన్ని నేను కాదు సార్."

"మరి?"

చెప్పాను. పిల్ల, ముసురు, ప్యాడ్, అన్నీ. ఆయన మధ్యలో ఒక్కటే అడిగాడు: "ప్యాడ్ ఎన్ని వాట్లు?" చెప్పాను. లోపలికి వెళ్ళాడు. నేను గడప దగ్గరే నిలబడ్డాను. గదిలో నులక మంచం, స్టవ్వు, బల్ల మీద రికార్డు ప్లేయరు. ఆయన దాని వెనక వంగి, ప్లగ్గు తీసి, పెట్టెను రెండు చేతులతో ఎత్తుకొచ్చి బల్ల మీద పెట్టాడు.

"చాలుతుంది. రెండు చుట్టలున్నదే, చూస్కో."

పిల్లలూ, ఇక్కడ ఒక్క నిమిషం. ఓల్టులు తగ్గించే పెట్టెలు రెండు రకాలు. ఒకదానిలో ఒకే తీగ చుట్ట, దాని మధ్యలోంచి తీగ బయటికి తీస్తారు. చవక. కానీ స్తంభం మీది కరెంటుకూ మన చేతిలోని వస్తువుకూ తీగ సంబంధం అలాగే ఉంటుంది. రెండో రకంలో చుట్టలు రెండు. ఒకదాన్నొకటి ముట్టుకోవు. మధ్యలో ఇనుము మాత్రమే. రెండో వైపు తీగను తడి చేత్తో ముట్టుకున్నా, నేల మీద నిలబడ్డ మనిషిలోంచి స్తంభం కరెంటు భూమిలోకి పోదు. పసిపిల్ల పక్క అంటే తడి. అందుకని రెండు చుట్టలది కావాలి. ఇది ఆయన నాకు చెప్పవలసిన పని లేదు, నేను ఆయనకు చెప్పవలసిన పనీ లేదు. ఇద్దరికీ తెలుసు. అదొక్కటే మా ఇద్దరికీ అప్పటికి కుదిరిన విషయం.

"ఇటియ్యండి, తీస్కపోత" అన్నాను.

"వద్దు. నేనే పట్టుకొస్తాను."

"నా మీద నమ్మకం లేదా సార్?"

"నీ మీద ఉంది. నీ ముడి మీద లేదు."

ఈ మాట ఆయన నవ్వుతూ అన్నాడో, నిజంగానే అన్నాడో ఇప్పటికీ తేల్చుకోలేదు. ఆయన మొహంలో రెండూ ఒకలాగే ఉండేవి.

పెట్టెను సైకిల్ ట్యూబుతో క్యారియర్‌కు కట్టి బయలుదేరాము. టెంటు దగ్గర పెద్దన్న రోడ్డు మధ్యలోకి వచ్చి నిలబడ్డాడు. వెనక మావాళ్ళందరూ.

"ఏందిర, సారు ఎనుక తోకలెక్క పోతున్నవ్? సమ్మె సంగతేంది?"

"సమ్మెలనే ఉన్న పెద్దన్నా. ఇది డిపార్ట్‌మెంటు పని కాదు."

"కరెంటు పని డిపార్ట్‌మెంటుది గాక మీ అత్తగారిదా?"

అందరూ నవ్వారు. నాకు మండింది. "మీటరు దాటినంక మనది కాదని నువ్వే గదా నేర్పినవ్! స్తంభం మనది, మీటరు దాంక తీగ మనది. అవతల ఇంటోళ్ళది. నేను మీటరు అవతల చేస్త. ఒట్టు యాడ తప్పిన?"

పెద్దన్న ఆలోచనలో పడ్డాడు. మా పనిలో అంతకంటే పాత నియమం లేదు. ఎవరింట్లో బల్బు వెలగకపోయినా, మీటరు దాకా చూసి, "అవతల మాకు సంబంధం లేదు" అని దిగిపోవడమే మా అలవాటు. ఆ మాట అని ఎన్నిసార్లు తప్పించుకున్నామో.

సంగతి విన్నాక ఆయన గొంతు తగ్గింది. "గంత బరువు మోసుడెందుకుర? వంద వాట్ల బల్బొకటి సిరీస్‌ల పెట్టు. సగం ఓల్టు అది గుంజుకుంటది. అయిపాయె."

అది మా అందరికీ తెలిసిన చిట్కా. ఎవరి విదేశీ సామానైనా అలాగే నడిపించేవాళ్ళం. నేను నోరు తెరిచేలోపే ఓవర్సీరు అన్నాడు, సైకిల్ మీంచి దిగకుండానే: "పసిపిల్ల పక్క తడపదా పెద్దాయనా?"

పెద్దన్న ఆయనతో సమ్మె మొదలైనప్పటి నుంచీ మాట్లాడలేదు. ఇప్పుడూ ఆయన వైపు చూడకుండా నాతోనే అన్నాడు: "తడుపుతది. బల్బు వద్దు." తరువాత తన రెయిన్‌కోటు విప్పి, క్యారియర్ మీద పెట్టె చుట్టూ కప్పి, కొసలు తనే ముడేశాడు. "మనిషి నానితే ఆరుతడు, చుట్ట నానితే ఆరది. పోండ్రి."

మొయినాబాద్ దవాఖానలో ఒకటే గది. ఒక మంచం మీద తల్లి, రక్తం లేని మొహంతో కళ్ళు మూసుకుని ఉంది. కింద గోడకు ఆనుకుని నాయనమ్మ. అవ్వ రవికె విప్పుకుని, పిల్లను గుండెలకు ఆనించుకుని, మీద నుంచి గొంగడి కప్పుకుని కూర్చుంది. పిల్ల తల వెనక భాగం మాత్రమే కనపడుతోంది, జామకాయంత.

"వచ్చిండ్రా? పెట్టుండ్రి మరి" అంది అవ్వ.

పెట్టడం అంత తొందరగా అయ్యే పని కాదు. గోడకున్న ప్లగ్గు పాతది, రెండు గుండ్రటి రంధ్రాలే. ఎర్తు లేదు. లోపల చుట్ట ఎప్పుడైనా దెబ్బతిని పెట్టె ఇనుముకు తగిలితే, కరెంటు దిగిపోవడానికి భూమికి దారి ఉండాలి. వరండాలో మీటరు బోర్డు పక్కన నేలలో దిగేసిన ఎర్తు పైపు ఉంది. అక్కడి నుంచి పెట్టె ఒంటికి ఒక తీగ లాగాలి. నేను కటింగ్ ప్లేయర్ తీసుకుని పైపు దగ్గర కూర్చున్నాను.

"ఆగు" అన్నాడు ఓవర్సీరు. "ఆ పైపు మీటరుకు ఇటువైపుది. డిపార్ట్‌మెంటు వేసింది. నువ్వు ముట్టుకుంటే సమ్మె తప్పినట్టే."

ఎగతాళి చేస్తున్నాడనుకున్నాను. కాదు. నిజంగానే నా ఒట్టు గురించి ఆలోచిస్తున్నాడు.

అవ్వ లోపల నుంచే అరిచింది: "ఏంది మీ లొల్లి? భూమి గూడ మీ డిపార్ట్‌మెంటుదేనా?"

"భూమి కాదవ్వా, పైపు."

"పిల్ల సల్లవడుతుంటే వీళ్ళు పైపుకు పంచాయితి పెట్టిండ్రు! మీకు గుండెలున్నయా, సిమెంటు పోసిండ్రా?"

ఓవర్సీరు చొక్కా చేతులు మడిచి, నా చేతిలోంచి కటింగ్ ప్లేయర్ తీసుకుని, బురదలో మోకాళ్ళ మీద కూర్చున్నాడు. తుప్పు గీకి, తీగ చుట్టి, బిగించాడు. ఆఫీసర్లు ముడి వేయడం నేను చూడటం అదే మొదలు. ఆయన వేళ్ళు తొందరపడలేదు.

లోపల నా వంతు. ఫ్యూజులో ఉన్న లావు తీగ తీసి సన్నది వేశాను, ఏదైనా తేడా వస్తే ముందు అదే పోవాలని. ప్లగ్గు నుంచి మంచం దాకా వైరు చాలదు, మధ్యలో అతకాలి. కొసలు గీకి, ఒక ముడి ఇక్కడ, రెండోది జానెడు ఎడంగా, ఒకదానికొకటి తగలకుండా కట్టాను. టేపు చుట్టే ముందు తల ఎత్తితే ఆయన నిలబడి ఉన్నాడు. వంగి, నా ముడిని వేళ్ళతో పట్టుకుని గుంజాడు. ఒకసారి. రెండోసారి కొంచెం గట్టిగా. రాలేదు. రెండోదాన్నీ గుంజాడు. రాలేదు.

నేను ఎదురుచూశాను. ఆయన ఏమీ అనలేదు. "టేపు చుట్టు" అని కూడా అనలేదు. వరండాలోకి వెళ్ళిపోయాడు.

సరే అని నేను కూడా వరండాలోకి పోయి, ఆయన కట్టిన ఎర్తు ముడిని పట్టుకుని గుంజాను. ఊడి రావాలని నిండు మనసుతో కోరుకున్నాను. రాలేదు. ఇంకా గట్టిగా గుంజాను. పైపుతో పాటు పుట్టినట్టు ఉంది. నేను కూడా ఏమీ అనలేదు.

పిన్నుల గొడవ లేకుండా పెట్టెకు అమెరికా రకం ప్లగ్గు రంధ్రాలున్నాయి. లేకపోతే మనవాళ్ళు అలవాటుగా వైరు కొసలు రంధ్రాల్లో పెట్టి అగ్గిపుల్లలు దోపేవాళ్ళు. స్విచ్ వేశాము. పెట్టె సన్నగా గుయ్యిమంది. హోల్డర్‌లో బల్బు పెట్టి, ఒక తీగ ఎర్తుకూ ఒక తీగ గోడ ప్లగ్గుకూ తగిలిస్తే బల్బు భగ్గుమంది. అదే తీగను పెట్టె అవతలి వైపు రంధ్రానికి తగిలిస్తే వెలగలేదు. రెండో రంధ్రానికీ వెలగలేదు. రెండు చుట్టలూ విడిగానే ఉన్నాయన్నమాట.

"అయిందా?" అంది సిస్టరమ్మ.

"కాలేదు" అన్నాము ఇద్దరం ఒకేసారి.

ముసురులో ఎవరూ బావుల దగ్గర మోటార్లు వేయరు, పిండి గిర్ని బంద్‌లో ఉంది. వాడకం లేక తీగల్లో ఓల్టేజీ ఉండవలసిన దానికంటే పైకి పోతుంది. ఆ లెక్కన పెట్టె కూడా నూటపది కంటే ఎక్కువే ఇస్తుంది. ప్యాడ్ మీట అన్నిటికంటే తక్కువ మీద పెట్టి, పైన తడిగుడ్డ పరిచి, చెప్పులు విడిచి తడినేల మీద నిలబడి నేను అరచెయ్యి ఆనించాను. ఓవర్సీరు కూడా చెప్పులు విడిచి నా పక్కన నిలబడి తన చెయ్యి ఆనించాడు. చురుక్కుమనలేదు. వేడి నెమ్మదిగా ఎక్కింది. ఎంత దాకా ఎక్కి ఆగుతుందో చూడాలి. ఆగకపోతే పిల్ల ఒళ్ళు కాలుతుంది. పిల్లకు చెప్పే నోరు లేదు.

అలా చాలాసేపు నిలబడ్డాము, ఒకే గుడ్డ మీద రెండు చేతులు. పిల్లకు తల్లిపాలు చుక్క చుక్కగా దూదితో పడుతూ సిస్టరమ్మ పెదవుల్లోనే ప్రార్థన చేసుకుంటోంది. అవ్వ మాత్రం ఊరుకోలేదు.

"ఏందివయా, గుడ్డను ఆశీర్వదిస్తున్నరా? నా పానమంత దీనికి పోస్తున్న, ఇంక నా ఒంట్ల గూడ ఏడి లేదు. ఇంకెంతసేపు?"

"ఇంకొంచెం అవ్వా" అన్నాను.

"ఇంకొంచెం, ఇంకొంచెం! కరెంటోడా, నీ బిడ్డయితే గిట్లనే నిలవడుతువా?"

అప్పటికి నాకు పెళ్ళి కాలేదు. అయినా ఆ మాట గుచ్చుకుంది. ఓవర్సీరు చెయ్యి తీయకుండా అన్నాడు: "నా బిడ్డయినా ఇలాగే నిలబడతానమ్మా. బిడ్డలకైతే ఇంకా ఎక్కువసేపు."

అవ్వ ఆయన మొహం వైపు చూసింది. గొంగడి మళ్ళీ దగ్గరికి లాక్కుంది.

వేడి ఒక చోట ఆగింది, కోడి కడుపు కింద చెయ్యి పెట్టినంత. తడిగుడ్డ తీసేసి, సిస్టరమ్మ రబ్బరు షీటు, దాని మీద మడతలుగా పాత చీర వేసింది. అవ్వ గుండెల మీంచి పిల్లను తీసి పడుకోబెట్టింది. అరికాళ్ళు నీలంగా ఉన్నాయి. పెట్టె గుయ్యిమంటూనే ఉంది. ముసురు వెలుతురు మసకబారుతుండగా సిస్టరమ్మ పిల్ల పాదం పట్టుకుని చూసి, వెనక్కి తిరిగింది. ఆమె కళ్ళే చెప్పాయి. అవ్వ లేచి నా చెయ్యి పట్టుకుని గుంజి, నా వేలిని ఆ పాదానికి ఆనించింది. వెచ్చగా ఉంది. నా బొటనవేలంత పాదం. తన్నింది కూడా.

తరువాత అవ్వ ఓవర్సీరు చెయ్యి కూడా అలాగే గుంజింది. ఆయన వేలు ఆనించి, అక్కడే ఉంచుకున్నాడు.

టీ తాగుతూ వరండాలో కూర్చున్నప్పుడు అవ్వ అడిగింది: "నీ పిల్లలేరి బిడ్డా?"

"ఊరికి పంపేశానమ్మా."

"నీ తలుపు మీద ఏదో రాసిండ్రట గదా. నాకు సదువు రాదు, అడుగుత. ఆంధ్రోళ్ళంటే అందరు నీలెక్కనే ఉంటరా?"

"లేదమ్మా. చాలామంది నాకంటే మంచోళ్ళు."

ఆ జవాబు నాకు అప్పుడు అస్సలు నచ్చలేదు. కోపంగా ఉండటానికి ఏ దారీ వదలని మనిషి.

ఆ తరువాత నేను టెంటుకు పోయిన రోజుల్లో సాయంత్రం పాటలు వినపడలేదు. మొదట గమనించలేదు. పెద్దన్నే చెవి అటు పెట్టి, "పెట్టె దవాఖానల ఉన్నది గదర" అన్నాడు. అప్పుడు తెలిసింది. ఒంటరి గదిలో ఆయనకు మిగిలిన ఆ సాగదీసిన గొంతులు కూడా ఆయన ఊడదీసి ఇచ్చేశాడు. ఆ సాయంత్రం టెంటులో ఎవరూ నవ్వలేదు. మరునాడు తలుపు మీద తారు గీకేసి ఉంది. ఎవరు గీకారో కూడా నాకు తెలుసు. ఆయన ఆలూరు మనిషి.

సమ్మె ముగిసింది. నేను డ్యూటీలో చేరేసరికి ఓవర్సీరు కుర్చీ ఖాళీ. బదిలీ మీద వెళ్ళిపోయాడన్నారు. ఎవరికీ చెప్పలేదు. దవాఖానకు పరుగెత్తాను. పిల్ల ఇంకా ప్యాడ్ మీదే ఉంది, పెట్టె గుయ్యిమంటోంది.

"పొద్దున వచ్చిండన్నా" అంది సిస్టరమ్మ. "పెట్టె తీస్కపోతడేమో అనుకున్న. పిల్లను చూసిండు. తీగ పొడవునా చూసుకుంట వచ్చి, నీ ముడి దగ్గర కూసోని, టేపు మీదికెల్లి ఒకసారి గుంజిండు. పోయిండు."

"ఏమన్నడు?"

"ఏమనలే."

చూశారా! ఏమనలేదు.

పిల్లకు ఒళ్ళు వచ్చాక హిమాయత్‌నగర్ తీసుకుపోయారు. పెట్టె నా దగ్గరికి వచ్చింది. ఆయన కొత్త ఆఫీసుకు కార్డు రాశాను, మీ వస్తువు తీసుకుపొండి అని. జవాబు లేదు. మళ్ళీ రాశాను. ఆయన అక్కడి నుంచి కూడా మారాడని కార్డు తిరిగొచ్చింది. మా పెద్దాఫీసును చిరునామా అడిగితే ఒక సూపరింటెండెంటు చెప్పిన మాట ఇది: "ఆ పెట్టె డిపార్ట్‌మెంటు సామాను కాదు. మీటరు అవతలిది. మాకు సంబంధం లేదు." నా మాటనే నాకు అప్పజెప్పాడు.

అవ్వ బతికి ఉన్నన్నాళ్ళూ మక్కకంకుల కాలంలో నాకు కంకులు పంపేది. సిమెంటు గుండె అన్న మాట మాత్రం వెనక్కి తీసుకోలేదు. కంకులు తిన్నాను, మాట మరచిపోలేదు. ఆ పిల్ల ఇప్పుడు మనవలున్న మనిషి, బడిలో పంతులమ్మగా చేస్తోంది. నన్ను కరెంటు బాపు అంటుంది. వచ్చినప్పుడల్లా అల్మారా తెరిచి ఆ పెట్టెను ఒకసారి చేత్తో తడుముతుంది.

"నాకియ్యరాదు బాపూ. నేను దాచుకుంట."

"నీది కాదు బిడ్డా. నాది గూడ కాదు."

"ఆయన రాడు బాపూ. ఇంక ఆయన యాడున్నడో."

"రాకుంటే వాళ్ళోళ్ళు వస్తరు."

ఆమె నా మొండితనానికి నవ్వి, పెట్టె మీద దుమ్ము తన కొంగుతో తుడుస్తుంది. ఏటా వానాకాలానికి ముందు నేను దాన్ని ఎండలో పెడతాను. చుట్టలు పరీక్షిస్తాను. ఇప్పటికీ రెండూ విడిగానే ఉన్నాయి, ఒకదాని బలం ఒకదానికి అందుతూనే ఉంది.

ఆయన ఇప్పుడు ఉండకపోవచ్చు. ఆ లెక్క నాకూ తెలుసు. కానీ ఆయన పిల్లలు, ఆనాడు ఊరికి పంపిన వాళ్ళు, ఎక్కడో ఉండి ఉంటారు. వాళ్ళ నాన్న రికార్డు ప్లేయరు ఎందుకు మూగపోయిందో వాళ్ళకు తెలిసి ఉండదు. ఇది చదివితే రండి. చేవెళ్ల రోడ్డు మీద మొయినాబాద్‌లో దిగి, పాత వైర్‌మన్ ఇల్లు అంటే ఎవరైనా చూపిస్తారు. పెట్టె తీసుకుపొండి. ఊరికే తీసుకుపోనివ్వను, ముందు నాకు జవాబు చెప్పాలి. మీ నాన్న ఇంట్లో ఎప్పుడైనా, అన్నం తింటూనో, ఏమీ తోచక కూర్చునో, మొయినాబాద్ దవాఖాన మాట ఎత్తాడా? ఎత్తితే ఏమన్నాడు?

సార్, మీ ఎర్తు ముడి గట్టిగున్నది. నేను గుంజి చూసిన. ఇన్నేండ్లకు నేను చెప్పిన.

ఇగ మీరు చెప్పండి. నాదెట్లుండె?